మూసిన తూము
(మానవ రక్తమునకు సంబంధించిన ఒక జన్యువును గూర్చిన ఉపన్యాస పాఠము)



కె.సి. కాలువ క్రింద వరి పండించు రైతునకు తూము సంగతి వేరొకరు చెప్పవలసిన పని లేదు. కాలువ నిండుగ పారుచున్నను, తూము తలుపు దిగియున్నచో చేనికి చుక్క నీరు చేరదు. పైరు వాడుచున్నప్పుడు ఎగువ నీరు వదలలేదని ఒకరందురు, గండి పడినదని మరియొకరందురు. తీరా పోయి చూచినచో లస్కరు తలుపు దించి తన దారిని తాను పోయియుండును. నీరున్నది, కాలువ యున్నది, చేనున్నది. నడుమ తలుపు మాత్రము దిగియున్నది.

మానవుని ఎముకల మూలుగలో, రక్తము తయారగు చోట, ఇట్టి తూమొకటి కలదు. పుట్టిన కొలది మాసములకే అది మూతపడును. పిదప జీవితాంతము తెరువబడదు. దానిని మూయు లస్కరును శాస్త్రజ్ఞులు 2008వ సంవత్సరమున పట్టుకొనిరి. ఆ లస్కరు పేరు బి.సి.ఎల్.11ఎ. చెవికి ఇంపైన పేరు కాదు గాని, ఎన్నో కుటుంబముల ఆశ ఆ పేరుతో ముడిపడియున్నది.

ఈ విషయమును ఒక బిడ్డతో ప్రారంభించుట మేలు. విశాఖ మన్యమునందో, భద్రాచలము అడవులయందో, ఉట్నూరు వైపు ఒక గోండు గూడెమునందో ఒక తల్లికి కాన్పైనది. బిడ్డ చక్కగ నున్నది. పాలు త్రాగుచున్నది, నవ్వుచున్నది, బోర్లపడుచున్నది. ఆరేడు మాసములు నిండినవి. ఒకనాడు అరచేతులును పాదములును ఉబ్బినవి. ముట్టుకొన్నచో బిడ్డ కెవ్వున ఏడ్చుచున్నది. కన్నులు పసుపువన్నెకు తిరిగినవి, ఒడలు పాలిపోయినది, జ్వరము తగిలినది. ఇరుగుపొరుగువారు దిష్టి యందురు, గాలి సోకినదందురు. ఆడుబిడ్డ కోడలి పుట్టింటివారి వంక వేలు చూపును. తల్లి మాత్రము ఒకే ప్రశ్న అడుగును: నిన్నటివరకు బాగుగనున్న బిడ్డ నేడెందుకిట్లైనది?

ఇది చదువురాని తల్లి ప్రశ్న యని త్రోసివేయరాదు. వైద్యశాస్త్రము సరిగ ఈ ప్రశ్ననే పట్టుకొని అరువది సంవత్సరములు నడచి ఆ లస్కరు నొద్దకు చేరినది.

ఆ బిడ్డకు వచ్చినది సికిల్ సెల్ రక్తహీనత. తెలుగున కొడవలి కణ వ్యాధి యని వ్యవహరించుచున్నారు. ఆరోగ్యవంతుని ఎఱ్ఱ రక్తకణము గుండ్రముగ, మెత్తగ నుండును; వెండ్రుకకన్న సన్నని రక్తనాళములోనికైనను వంగి దూరిపోగలదు. ఈ వ్యాధి గలవారి కణము ప్రాణవాయువును విడిచినపుడు బిగుసుకొని, వరి కోయు కొడవలివలె వంకర తిరుగును. అట్టి కణములు సన్నని నాళములలో ఒకదానికొకటి చిక్కుకొని అడ్డుకట్టయై నిలుచును. కట్టకు దిగువనున్న భాగమునకు రక్తము అందదు. ఆ భరింపరాని నొప్పికి కారణమిదియే. మంచి కణము సుమారు 120 దినములు బ్రతుకును. కొడవలి కణము పది యిరువది దినములకే నశించును. ఎంత వేగముగ పుట్టించినను మూలుగ ఆ నష్టమును పూడ్చలేదు. కావున రక్తము పలుచబడును. చచ్చిన కణముల రంగు కన్నులలో పసుపై కనబడును.

1910లో చికాగో నగరమున జేమ్స్ హెరిక్ అను వైద్యుడు ఈ వంకర కణములను మొదట ప్రకటించెను. అతని రోగి దంతవైద్యము చదువుకొనుటకై గ్రెనడా ద్వీపము నుండి వచ్చిన యువకుడు. లోపమెచ్చటనున్నదో తెలియుటకు మరి నలువది యేండ్లు పట్టెను. 1949లో లైనస్ పౌలింగును, అతని సహచరులును ఆ లోపము రక్తమునకు ఎఱుపునిచ్చు హీమోగ్లోబిను అను ప్రోటీనులోనే యున్నదని తేల్చిరి. పిమ్మట వెర్నన్ ఇంగ్రాం అను శాస్త్రజ్ఞుడు 1957 నాటికి ఆ ప్రోటీనును పూసపూసగ విప్పి చూచెను. హీమోగ్లోబినులోని బీటా యను గొలుసున 146 పూసలు కలవు. వానిలో ఆరవ పూస మాత్రమే మారినది. గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన చోట వాలీను వచ్చి కూర్చున్నది. మిగిలిన 145 పూసలును సక్రమముగనే యున్నవి! ఒక్క పూస మారినందున ఒక జీవితము నొప్పితో నిండుచున్నది.

భారతదేశమున ఈ కణములను తొలుత 1952లో గుర్తించిరి. నీలగిరి కొండలలోని ఆటవికుల రక్తమున లేమన్, కట్‌బుష్ అను ఇరువురు పరిశోధకులు వీనిని చూచిరి. ఆ సంవత్సరమే అస్సాము తేయాకు తోటల కూలీలలో గూడ ఇవి కనబడెను. పిదప మధ్యభారతమున, ఒడిశాయందు, గుజరాతు, మహారాష్ట్రముల కొండజాతులలో, తెలుగు నేలపై ఆదిలాబాదు మొదలు గోదావరీ తీరము మీదుగ విశాఖ, శ్రీకాకుళపు మన్యముల వరకు ఈ వ్యాధి యున్నదని తెలియవచ్చెను. కొండలకును ఈ వ్యాధికిని సంబంధమేమి? సంబంధము దోమ. 1954లో ఆంథొనీ ఆలిసన్ అను వైద్యుడు ఆఫ్రికాయందు పరిశోధించి, ఈ లోపమును తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే పొందినవారికి మలేరియా నుండి చాలవరకు రక్షణ కలుగునని చూపెను. మన్యపు జ్వరమనిన పేరు వినగనే మైదానపు ఉద్యోగులు బదిలీ రద్దుచేయించుకొనుటకు తిరిగిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ జ్వరము నడుమ వేల యేండ్లు బ్రతికిన జనులకు ఈ లోపము ఒక కవచమైనది. ఇరువైపుల నుండియు వచ్చినప్పుడు మాత్రమే అది శాపమగుచున్నది.

ఇక తల్లి ప్రశ్న. లోపము పుట్టుకతోనే యున్నది గదా, వ్యాధి ఆరు మాసములు ఎచ్చట దాగియున్నది?

1948లో న్యూయార్కు నగరపు బ్రూక్లినున జానెట్ వాట్సన్ అను శిశువైద్యురాలు ఈ వ్యాధితో పుట్టిన పసికందుల రక్తమును పరీక్షించెను. వారి కణములు పెద్దవారి కణములవలె వంకర తిరుగుటలేదు. ఆమె దీనికి ఒక కారణమూహించెను. తల్లి కడుపులోనున్న శిశువునకు వేరొక హీమోగ్లోబిను ఉండును. అది ఈ బిడ్డలను కొంతకాలము కాపాడుచున్నది. ఆ యూహ అక్షరాల నిజమైనది.

గర్భమునందలి శిశువు ఊపిరి పీల్చుకొనదు. తల్లి రక్తము నుండియే ప్రాణవాయువును లాగుకొనవలెను. అందుచేత దాని హీమోగ్లోబిను తల్లి హీమోగ్లోబినుకన్న గట్టిగ ప్రాణవాయువును పట్టుకొనునట్లు నిర్మింపబడియున్నది. దానిని గర్భస్థ హీమోగ్లోబిను అందురు. అందు బీటా గొలుసు లేదు. దాని స్థానమున గామా యను వేరొక గొలుసున్నది. లోపము బీటా గొలుసున గదా ఉన్నది? బీటాయే లేనిచో లోపమెక్కడిది? కాన్పు నాటికి బిడ్డ రక్తములో నూటికి సుమారు డెబ్బది పాళ్ళు ఈ గర్భస్థ హీమోగ్లోబినే. ఊపిరి పీల్చ నేర్చిన బిడ్డకు దానితో పని తీరును. క్రమముగ గామా తగ్గి బీటా పెరుగును. సంవత్సరము నిండునప్పటికి గర్భస్థ హీమోగ్లోబిను నూటికి ఒకటి రెండు పాళ్ళకు పడిపోవును. బిడ్డ బాగుగనున్న ఆరు మాసములును ఆ పాత హీమోగ్లోబిను కాపాడిన మాసములు.

గర్భస్థ హీమోగ్లోబిను తగ్గినంతమాత్రమున దానిని తయారుచేయు జన్యువు నశింపలేదు. అది పదకొండవ క్రోమోసోముపై, బీటా జన్యువు ప్రక్కనే, చెక్కుచెదరక యున్నది. ఎనుబది యేండ్ల వృద్ధుని మూలుగలో గూడ ఉన్నది. గ్రంథాలయపు బీరువాలో ఎవరును అడుగని పుస్తకము అడుగు అరలో నిలిచియున్నట్లు నిలిచియున్నది. లోకమున కొందరు అదృష్టవంతులు కలరు. వారికి ఆ తూము పుట్టుక తరువాత గూడ పూర్తిగ మూతపడదు. పెద్దవారైనను వారి రక్తమున గర్భస్థ హీమోగ్లోబిను సమృద్ధిగ ఉండును. వారికి ఏ హానియు లేదు. అట్టివారికి కొడవలి కణ లోపము కూడ సంక్రమించినచో, వ్యాధి మిక్కిలి స్వల్పముగ నుండును, లేదా అసలే బయటపడదు. దీనిని గమనించినప్పటి నుండి వైద్యులకు ఒకే తలపు: మూసిన ఆ తూమును మరల తెరువవచ్చునా? తెరువవలెనన్నచో మూయుచున్న వాడెవడో తెలియవలెను గదా!

ఇచ్చట ఒక మాట విశదము చేయవలసియున్నది. మూయుట యనగా నేమి? రిజిస్ట్రారు కచేరీలో మూల దస్తావేజు ఎన్నటికిని బయటకు రాదు. కావలసినవారికి నకలు వ్రాసి యిత్తురు. నకలు చూచి బయట పని జరుగును. కణములో గూడ అంతే. కణము నడుమనున్న కేంద్రకము ఆ కచేరి. జన్యువులు మూల దస్తావేజులు. అవి కేంద్రకమును విడువవు. జన్యువునకు నకలు తీయబడును, ఆ నకలు కేంద్రకము వెలుపలికి పోవును, దానిని చూచి ప్రోటీను కూర్పబడును. నకలు తీయు ఈ క్రియకు ప్రతిలేఖనమని పేరు. నకలు తీయువారిని పురికొల్పు ప్రోటీనులు కొన్ని కలవు. వద్దని అడ్డుకొను ప్రోటీనులు మరికొన్ని కలవు. కంటి కణమున జీర్ణరసములు ఊరకుండుటకు, చర్మమున ఎముక మొలువకుండుటకు ఈ అడ్డుకొను వారే కారణము. ప్రతి కణమునందును అన్ని దస్తావేజులును ఉన్నవి. దేనికి నకలు తీయరాదో చెప్పువారు లేనిచో దేహమంతయు గందరగోళమై పోవును. వద్దనుట కూడ ఒక ఉద్యోగమే. బి.సి.ఎల్.11ఎ అట్టి ఉద్యోగి.

దాని జాడ తీసిన తీరు ముచ్చటైనది. గర్భస్థ హీమోగ్లోబిను పెద్దవారందరిలోను ఒక్క తీరున ఉండదు. కొందరిలో కొంచెము ఎక్కువ, కొందరిలో కొంచెము తక్కువ. ఈ స్వల్ప భేదమునకు కారణమెచ్చటనున్నదో చూడవలెనని పరిశోధకులు బయలుదేరిరి. లండనున స్వీ లే తీన్ అను వైద్యురాలి బృందము 2007లో క్రోమోసోములన్నింటిని గాలించి, హీమోగ్లోబిను జన్యువులున్న పదకొండవ క్రోమోసోమున గాక, రెండవ క్రోమోసోముపై ఒక చోట వ్రేలు పెట్టిరి. మరుసటి యేడు ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపవాసుల రక్తమును పరీక్షించినవారును ఆ చోటనే ఆగిరి. అచ్చటనున్న జన్యువు బి.సి.ఎల్.11ఎ. అది అదివరకే వైద్యులకు తెలిసిన జన్యువే. కాని తెల్ల రక్తకణములకు వచ్చు ఒక విధమగు పుట్టకురుపు వ్యాధికి సంబంధించినదిగ తెలియును. దాని పేరు గూడ ఆ వ్యాధి నుండి వచ్చినదే. ఎఱ్ఱ కణములతో దానికి పొత్తున్నదని ఎవరును తలంపలేదు. కాలువ తూము మూయువాడు ఆ ఊరివాడు గాక, ఎక్కడో పొరుగు తాలూకావాడని తేలినట్లైనది.

అనుమానము వేరు, రుజువు వేరు. బోస్టను నగరమున స్టూవర్టు ఆర్కిన్ అను ఆచార్యుని ప్రయోగశాలలో విజయ్ శంకరన్ మొదలగువారు ఎఱ్ఱ కణములుగ మారనున్న మానవ కణములను పాత్రలలో పెంచి, వానిలో బి.సి.ఎల్.11ఎ ప్రోటీనును తగ్గించి చూచిరి. గామా పెరిగెను. 2008 డిసెంబరులో ఇది ప్రకటింపబడెను. 2011లో కొడవలి కణ వ్యాధి కల్పింపబడిన ఎలుకలలో, ఎఱ్ఱ కణముల వరుసయందు మాత్రము ఈ జన్యువును తొలగించిరి. ఎలుకల వ్యాధి సరియయ్యెను. స్వీ లే తీన్, ఆర్కిన్ ఇరువురకును 2024వ సంవత్సరపు షా బహుమానము లభించినది.

ఈ ప్రోటీను 835 పూసల గొలుసు. దానిపై వ్రేళ్ళవంటి మడతలు కొన్ని కలవు. ఒక్కొక్క మడత నడుమ జింకు లోహపు పరమాణువొకటి చీలవలె బిగించియుండును. ఆ వ్రేళ్ళతో అది గామా జన్యువు ప్రారంభమునకు 115 అక్షరముల ముందున్న చోటును పట్టుకొనును. అచ్చట వరుసగ టి, జి, ఎ, సి, సి, ఎ అను ఆరు అక్షరములున్నవి. కోట్ల అక్షరముల గ్రంథములో ఆ ఆరింటిని ఆనవాలు పట్టి అచ్చట కూర్చుండి, నకలు తీయకుండ చేయు ఇతర ప్రోటీనులను తన చుట్టు పిలుచుకొనును. తూము తలుపు దిగుట యనగా ఇదియే. పుట్టుకతో గర్భస్థ హీమోగ్లోబిను తగ్గని అదృష్టవంతులలో కొందరికి ఆ యారు అక్షరముల వద్దనే మార్పున్నదని 2018లో స్పష్టమైనది. వారి యింట లస్కరు ఉన్నాడు. పట్టుకొనుటకు పిడి లేదు.

అట్లైనచో ఆ లస్కరును దేహమునుండియే తొలగించిన సరిపోవునుగదా యని తోచును. సరిపోదు. ఈ ప్రోటీను మెదడు పెరుగుదలకు అవసరము. వ్యాధులనెదుర్కొను తెల్ల కణములకును అవసరము. ఈ జన్యువు యొక్క రెండు ప్రతులలో ఒకటి చెడి పుట్టిన బిడ్డలకు బుద్ధి వికాసము, మాట ఆలస్యమగుచున్నవి. వారి రక్తములో గర్భస్థ హీమోగ్లోబిను మాత్రము ఎక్కువగనే యున్నది! ఒకే లస్కరు పది తూములకు కాపలాయున్నప్పుడు, ఒక తూము కొఱకు అతనిని ఉద్యోగమునుండి తీసివేసినచో మిగిలిన తొమ్మిది చేలు మునుగును.

ఈ చిక్కును 2013లో ఆర్కిన్ బృందమువారే విప్పిరి. బి.సి.ఎల్.11ఎ జన్యువు నడుమనే, ప్రోటీను కూర్పునకు ఉపయోగపడని ఒక భాగమున, ఒక మీటవంటి చోటు దొరకినది. ఆ మీట ఎఱ్ఱ కణముల వరుసలో మాత్రమే పనిచేయును. మెదడులో దానితో పని లేదు. దానిని విరిచినచో ఎఱ్ఱ కణములలో మాత్రము లస్కరు బలహీనుడగును, మిగిలిన చోట్ల తన ఉద్యోగము తాను చేసికొనుచుండును. చిన్న వివరమువలె కనబడు ఈ సంగతి లేనిచో తరువాతి చికిత్సయే లేదు.

సరిగ ఆ కాలమందే, 2012లో, జన్యువులను కోరిన చోట కత్తిరించు సాధనమొకటి సిద్ధమైనది. దాని పేరు క్రిస్పర్. దానిని రూపొందించిన ఇమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అను ఇరువురు స్త్రీలు 2020లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందుకొనిరి. 2019 జూలైలో అమెరికాలోని నాష్‌విల్ నగరమున విక్టోరియా గ్రే అను నల్లజాతి స్త్రీకి ఈ కత్తెరతో చికిత్స జరిగెను. ఆమె పసితనమునుండి కొడవలి కణ వ్యాధితో మంచమునకును ఆసుపత్రికిని నడుమ బ్రతికిన తల్లి. రక్తమునకు మూలమైన కణములను ఆమె దేహము నుండి తీసి, ప్రయోగశాలలో ఆ మీటను కత్తిరించి, మరల ఆమె నరములలోనికి ఎక్కించిరి. కత్తిరించినది కొడవలి లోపమును కాదు. ఆరవ పూస ఇప్పటికిని వంకరదే. లస్కరును బలహీనపఱచిరి, పాత తూము తెరచుకొన్నది, పసినాటి హీమోగ్లోబిను మరల పారినది. ఆమెకు నొప్పులు ఆగిపోయినవి.

ఆ చికిత్స పొంది తగినంత కాలము పరిశీలింపబడిన 31 మందిలో 29 మంది సంవత్సరము పాటు తీవ్రమైన నొప్పి రాకుండ గడిపిరి. దీనిని చూచి 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా ఈ చికిత్సకు అనుమతి నిచ్చెను. క్రిస్పర్ కత్తెరతో చేయు చికిత్సలలో లోకమున అనుమతి పొందిన మొదటిది ఇదియే.

వెల విన్నవారికి గుండె ఆగవచ్చును. అమెరికాలో దీనికి నిర్ణయించిన ధర 22 లక్షల డాలర్లు. నాటి మారకమున సుమారు 18 కోట్ల రూపాయలు. పాడేరు కొండ మీద పసుపు పండించుకొను గిరిజనునికి ఆ సంఖ్య పలుకుటయే కష్టము. ధర యొకటియే అడ్డంకి కాదు. క్రొత్త కణములకు చోటు చేయుటకై పాత మూలుగను ఘాటైన మందులతో ముందుగ ఖాళీ చేయవలెను. వారములకొలది ఆసుపత్రిలో ఉండవలెను. సంతానము కలుగు శక్తి పోవు ప్రమాదము గూడ ఉన్నది. ఢిల్లీలోని ప్రభుత్వ జన్యుశాస్త్ర పరిశోధనాలయమువారు తమ స్వంత కత్తెరతో ఈ వ్యాధికి తక్కువ వెలగల చికిత్సను సిద్ధపఱచుటకు పూనుకొనియున్నారు. పలు దేశములలో మరికొందరు బి.సి.ఎల్.11ఎ ను బలహీనపఱచు మాత్రకొఱకు వెదకుచున్నారు. గూడెమువరకు నడచి పోగలది మాత్రయే గాని ప్రయోగశాల కాదు.

అంతవరకు చేతిలోనున్న మందు హైడ్రాక్సీయూరియా. ఇది పాత మందు, చౌక మందు, నోటితో మ్రింగు గొట్టపు మాత్ర. గర్భస్థ హీమోగ్లోబినును పెంచును. 1995లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో నొప్పుల దాడులు సుమారు సగమునకు తగ్గెను. వైద్యుని పర్యవేక్షణలో, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనుచు దీనిని వాడవలెను; గర్భిణులకు పనికిరాదు. ఈ రోగులకు దినదినము ఇచ్చు మరియొక మాత్ర ఫోలిక్ ఆమ్లము. మూలుగ వేగముగ కణములను పుట్టించుటకు అది కావలెను. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945 ప్రాంతమున ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన్యపు బిడ్డ మ్రింగు అతిచౌక మాత్ర వెనుక ఒక తెలుగువాని పరిశ్రమ యున్నదని తెలిసినవారు కొలదిమందియే.

నల్లమలకు ఇవతల, కుందూ నది ఒడ్డున సేద్యము చేసికొను చాగలమర్రి వారికి ఈ మన్యపు వ్యాధితో పనియేమి యని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఆ తూముతో ముడిపడిన వ్యాధి మరియొకటి కలదు, అది తలసీమియా. కొడవలి వ్యాధిలో బీటా గొలుసు వంకరది. తలసీమియాలో బీటా గొలుసు చాలినంత తయారు కాదు. గామా యున్నంతకాలము బిడ్డ బాగుగనే యుండును, తూము మూతపడగనే పాలిపోవును. అటు తరువాత రెండు మూడు వారములకొకసారి పరుల రక్తము ఎక్కించుకొనుచు బ్రతుకవలెను. 2023లో అనుమతి పొందిన ఆ చికిత్స దీనికిని వర్తించును. కారణము, లస్కరు ఒకడే. ఈ లోపమునకు కొండ, మైదానము, కులము, మతము లేవు. దేశమున నూటికి ముగ్గురు నలుగురు దీనిని ఒకవైపు నుండి పొంది, తమకు తెలియకయే మోయుచున్నారు.

మోయువారు రోగులు కారు. పొలము దున్నుదురు, బడికి పోవుదురు, నూరేండ్లు బ్రతుకుదురు. అట్టివారు ఇరువురు దంపతులైనప్పుడు మాత్రమే చిక్కు. ప్రతి కాన్పునకును నాలుగింట ఒక పాలు రోగియగు బిడ్డ పుట్టుటకు, రెండు పాళ్ళు మోయు బిడ్డ పుట్టుటకు, ఒక పాలు ఏ లోపమును లేని బిడ్డ పుట్టుటకు అవకాశము. మొదటి బిడ్డ రోగియైనది గనుక తరువాతి ముగ్గురును క్షేమమని లెక్క వేయరాదు. ప్రతి కాన్పునకును లెక్క మొదటి నుండియే. లోపము తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చినగాని వ్యాధి రాదు. కోడలి పుట్టింటి వంక చూపిన వ్రేలు సగము దూరమే చూపినది.

రాయలసీమలో మేనరికము వాడుక. అక్క కూతురును మేనమామకును, మేనత్త కొడుకునకును ఇచ్చుట గౌరవమని తలంతురు. ఆచారమును నిందించుట యిచ్చటి పని కాదు. కాని ఒకే తాతయొద్ద నుండి దిగిన లోపము దంపతులిరువురిలోను కలియుటకు మేనరికమున అవకాశము హెచ్చు. పెండ్లి మాటలకు ముందు జాతకములు చూచువారు రక్తపరీక్ష కాగితము గూడ చూచుకొనవచ్చును. కొలది రక్తముతో జరుగు పరీక్ష అది. జీవితములో ఒకసారి చేయించిన చాలును, ఎందుకనగా జన్యువు మారదు. ఇరువురును మోయువారైనను కొందరు ఆ పెండ్లి చేసికొందురు. వారికిని దారియున్నది: గర్భము నిలిచిన పది, పండ్రెండు వారములకే శిశువు స్థితి తెలిసికొను పరీక్ష పెద్ద నగరములలో లభించుచున్నది.

కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని శాడోలులో కొడవలి కణ వ్యాధి నిర్మూలనోద్యమము నారంభించినది. 17 రాష్ట్రములలో నలువది యేండ్ల లోపు వయస్సుగల ఏడు కోట్ల మందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగ లేకుండ చేయుట దాని సంకల్పము. ఆంధ్రప్రదేశమున ఈ వ్యాధిగ్రస్తులకును, తలసీమియా రోగులకును నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పాటైనది. హైదరాబాదున 1998లో తల్లిదండ్రులును దాతలును కలిసి నెలకొల్పిన తలసీమియా, సికిల్ సెల్ సంఘము బిడ్డలకు రక్తము ఎక్కించుటయు, మోయువారిని పరీక్షించుటయు చేయుచున్నది. అచ్చట ఎక్కించు రక్తము దాతల నుండి రావలసినదే. వేసవి సెలవులలో కళాశాలలు మూసినప్పుడు రక్తనిధులలో సీసాలు తఱిగిపోవును. బిడ్డలకు మాత్రము మూడవ వారము మూడవ వారమే.